మునకరాజ్యం ఎవరిది?

మాదాపూర్,
12-12-1998

అశ్వినికి,

అన్న దినేష్ రాసేది. క్షేమమని మొదలుపెట్టాలంటే చెయ్యి రావడం లేదు. పొద్దున్నుంచీ బండలు పేలుస్తున్నారు. ఆ గుండ్రటి కొత్త బిల్డింగు తెరిచి నెల కూడా కాలేదు, అప్పుడే పక్కన ఇంకోదానికి చదును చేస్తున్నారు. మందు పేలినప్పుడల్లా మా ఇంటామె కొమురమ్మ నా రూము ముందుకొచ్చి నిలబడుతుంది. "మీ కంప్యూటరోళ్లు వచ్చినంక నా బర్లు బెదిరి పాలిస్త లేవు సారూ, ఏంది గిది?" అని అరుస్తుంది. ఆ బండలకు నేనే నిప్పంటించినట్టు!

ఇక్కడ అందరూ రెండువేల సంవత్సరం పని మీద పడి ఉన్నారు. పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దడం, అంతే. మా కంపెనీకి తిండి పెట్టేదీ అదే. నన్ను మాత్రం మా యజమాని యజ్ఞనారాయణ గారు అందులోంచి లాగి ఆటల మీద వేశారు. మార్చిలో విదేశాల నుంచి కొనేవాళ్లు వస్తారట. వాళ్లకు మనదైన ఒక ఆట చూపించాలట. ఒకే దారి వెంట తోలుకుపోయే ఆట కాదు. ఒక లోకం ఉంటుంది, నీ ఇష్టమొచ్చిన వైపు పోవచ్చు, కనిపించిన వాళ్లతో మాట్లాడొచ్చు, కావాలంటే యుద్ధం మానేసి చేపలు పట్టుకుంటూ కూర్చోవచ్చు. అలాంటివి నీకు సీడీలు పంపుతూనే ఉన్నాను కదా.

మనదైన లోకం ఏమిటని ఆయన అడిగితే నాకు తట్టింది ఒక్కటే. చిన్నప్పుడు డ్యాం ప్రాజెక్టు కాలనీలో నువ్వు లాంగ్ నోట్‌బుక్కులో గీసి, చింతపిక్కలను పాచికల్లా వేయిస్తూ నాతో ఆడించిన మునకరాజ్యం! డ్యాం నీళ్ల కింద ఊళ్లు ఇంకా బతికే ఉండటం, ఇంటింటికీ తలుపు తట్టుకుంటూ పోవడం, అడుగుకో ఊపిరి ఖర్చు కావడం, చివర తూము దగ్గర రాక్షసుడు. చెప్తుంటే ఆయన టీ చల్లారిపోయింది. ఆ ఊరినంతా ఇప్పుడు కంప్యూటర్లో కడుతున్నాను. మొదటి పుస్తకం నా పెట్టెలోనే ఉంది. రెండోది నీ దగ్గరుంది, కొరియర్లో పంపు.

దీంతో ఒక రిపోర్టు పెడుతున్నాను. ఎనిమిది విదేశీ ఆటలు, తొమ్మిదో వరసలో మనది. ఏది ఎంత పెద్దది, దేని ప్రభావంతో పుట్టింది అని పోల్చాను. ఇంటర్ నుంచీ నా ఇంగ్లీషు దిద్దేది నువ్వే, ఇదీ దిద్ది పంపు. తొందర.

దినేష్


నంద్యాల,
21-12-1998

అన్నకు,

నమస్కారం పెట్టాలని లేదు. పెట్టలేదు.

రిపోర్టు దిద్దాను. డి.టి.పి. సెంటర్లో పెళ్లి కార్డులు కంపోజ్ చేసి చేసి కళ్లు పోతున్నా, మధ్యాహ్నం అన్నం మానేసి దిద్దాను. మొదటి ఎనిమిది వరసల గురించి ముందు మాట్లాడుకుందాం. నా బుర్ర కుదురుగా ఉన్నప్పుడే అది అయిపోవాలి.

పెద్ద దేశం ఆటను అన్నిటికంటే పైన పెట్టావు. ఎందుకు? వేల ఊళ్లున్నాయనా? మా ఓనరు ఊరెళ్లిన ఆదివారాలన్నీ నేను అందులో తిరిగాను. ఏ ఊరికి పోయినా అదే సత్రం, అదే బావి, అదే మాట చెప్పే అదే మనిషి. కంప్యూటర్ అచ్చు గుద్దిన ఊళ్లు అవి. నువ్వు అయిదో స్థానంలో పడేసిన రొట్టెలవాడి ఆట చూడు. ఊరు గుప్పెడంత. కానీ ఆ రొట్టెలవాడు పొద్దున్నే లేచి పిండి కలుపుతాడు, మధ్యాహ్నం దుకాణం మూసి కునుకు తీస్తాడు, వాడి పిండి నువ్వు ఎత్తుకుపోతే ఆ రోజు ఊరికి రొట్టె లేదు. చేసినవాళ్లు ఎప్పుడో ఒక ఊళ్లో బతికారని తెలుస్తుంది. పెద్దదనాన్ని గొప్పదనం అనుకోవడం నీకు చిన్నప్పటి జబ్బు.

ప్రభావాల కాలమ్‌లో చలి దేశాల పాత వీరగాథలు, బల్ల మీద పాచికలతో ఆడే ఆటలు అని రాశావు. బాగుంది. ఆ ఎనిమిదింటికీ పక్కన మనుషుల పేర్లు కూడా రాశావు. ఫలానా దొర ఈ పాచికల నియమాలు పెట్టాడు, ఫలానా దొరసాని ఈ పటం గీసింది అని వెతికి మరీ రాశావు.

ఇక తొమ్మిదో వరస. "మూలం: జానపదం. కర్త: అజ్ఞాతం."

అన్నా, నేను చచ్చిపోయి ఎన్నేళ్లయింది? నాకు తెలియకుండా దినవారాలు కూడా చేసేశావా? దొరలందరికీ పేర్లుంటాయి, నీ తోడబుట్టినదానికి ఉండదా? పైగా దాన్ని నన్నే దిద్దమని పంపిస్తావా! నీకు సిగ్గు లేదనుకోవాలా, బుద్ధి లేదనుకోవాలా? అజ్ఞాతం అన్న మాటకు ఇంగ్లీషు స్పెల్లింగ్ చూశాను. రిపోర్టు మొత్తంలో నువ్వు తప్పు లేకుండా రాసిన కష్టమైన మాట అదొక్కటే.

రెండో పుస్తకం పంపను. నా పేరు రాసిన కాగితం ముందు నాకు చూపించు.

నీ చెల్లెలు, పేరున్న మనిషి,
అశ్విని


మాదాపూర్,
3-1-1999

అశ్వినికి,

కొత్త సంవత్సరం పూట నీ ఉత్తరం చదివాను. అంతంత మాటలా? నేనేమన్నా నీ గొంతు కోశానా?

జరిగింది విను. నేను మొదట నీ పేరే రాశాను. యజ్ఞనారాయణ గారే కొట్టేశారు. "పేరు రాస్తే ఆవిడ సంతకం కావాలంటారండి, లాయరంటారండి, కొనేవాడు బెదిరిపోతాడు. జానపదం అనేయండి. అది అందరిదీ కాబట్టి ఎవరూ అడగరు" అన్నారు. పెద్దాయన, నాకు పని ఇచ్చినాయన. అప్పటికప్పుడు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నీ కోపం దీని మీద కాదని నాకు తెలుసు. నిరుడు నువ్వు ఉద్యోగం వెతుక్కోవడానికి హైదరాబాదు వస్తానన్నప్పుడు హాస్టలు దొరకలేదని ఆపాను. అది కడుపులో పెట్టుకున్నావు. నేనిక్కడ ఏసీ గదిలో కూర్చున్నానని, నువ్వక్కడ పెళ్లి కార్డులు కొట్టుకుంటున్నావని నీ బాధ. సూటిగా ఆ మాటే రాయొచ్చు కదా. ఈ ఏసీ మనుషుల కోసం కాదు, మిషన్ల కోసం. మేం స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటాం.

అయినా నీ కోసం మళ్లీ వెళ్లి ఆయన కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. ఆట చివర పేర్లు వచ్చేచోట నీ పేరు వస్తుంది. "జానపద కథల సేకరణ: అశ్విని." అందరికంటే కింద అయినా, వస్తుంది. ఇందులో పెట్టిన కాగితం మీద సంతకం చేసి రెండో పుస్తకంతో పాటు పంపు. ఆ పుస్తకం లేక దక్షిణపు వీధిలో నా పని ఆగిపోయింది. ఇళ్లకు తలుపులున్నాయి, లోపల మనుషులు లేరు.

ఇప్పుడైనా సంతోషమేనా?

దినేష్


నంద్యాల,
18-1-1999

దినేష్ గారికి,

మీ కాగితం చించేశాను. ముక్కలు ఇందులోనే ఉన్నాయి, ఏరుకోండి.

సేకరణా? నేను ఊరూరా జోలె పట్టుకుని తిరిగి ఏరుకొచ్చానా? అడుగుకో ఊపిరి లెక్క ఎవరు పెట్టారు? పదకొండేళ్ల పిల్లను, కాలనీ ట్యాంకులో ముక్కు మూసుకుని మునిగి, ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో చూసుకుని రాశాను ఆ నియమం. మూడుసార్లు నీళ్లు మింగాను. నువ్వు గట్టున నిలబడి లెక్క తప్పావు, గుర్తుందా? తూము రాక్షసుడికి వీపున చక్రం పెట్టింది ఎవరు? తలుపు మూడుసార్లు తడితేనే తీస్తారన్నది ఎవరి బుర్రలోది? ఏ జానపదుడొచ్చి నా చెవిలో ఊదాడు?

హాస్టలు సంగతి ఎత్తావు. ఆ సంగతి నేను మరిచిపోయాను కూడా. నువ్వే మరవలేదన్నమాట, అంటే తప్పు చేశావని నీకు తెలుసు. నా కోపానికి కారణం నేను రాసింది కాదట, నువ్వు ఊహించిందట! నేను ఏం చెప్పినా దాని వెనక ఇంకేదో ఉందనుకునే ఆ తెలివి ఎక్కడ నేర్చుకున్నావు? నాకు కావలసింది ఒక్కటే. ఆ లోకం చేసింది నేను. అలా రాయండి.

నువ్వు మాట్లాడలేవు కాబట్టి నేనే మాట్లాడాను. యజ్ఞనారాయణ గారికి మొన్ననే రిజిస్టర్ పోస్టు వేశాను. మొదటి పుస్తకం అట్ట లోపల నా పేరు, తరగతి, సెక్షను ఉన్నాయి, చూసుకోండి అని మర్యాదగానే రాశాను. గారు అని కూడా పెట్టాను, మీకు పెట్టినట్టే.

అశ్విని


మాదాపూర్,
30-1-1999

అశ్వినీ,

తృప్తిగా ఉందా?

గురువారం పదకొండు గంటలకు ఆయన నన్ను గదిలోకి పిలిచి, తలుపు తెరిచే ఉంచి, నీ ఉత్తరం చదివి వినిపించారు. బయట ఇరవై మంది తేదీలు దిద్దడం ఆపి విన్నారు. "ఇంటి గొడవలు ఆఫీసుకు తెస్తారేంటండీ? ఆ పుస్తకం దొంగతనంగా తెచ్చారా మీరు?" అన్నారు. దొంగ! మన నాన్న ముప్పై ఏళ్లు ప్రాజెక్టుల్లో పనిచేసి సిమెంటు సంచీ కూడా ఇంటికి తేలేదు. ఆయన కొడుకును దొంగన్నారు, నీ పుణ్యాన. మార్చి దాకా గడువు ఇచ్చారు. ఆ తర్వాత ఈ గొడవ తేలకపోతే నేనూ ఆటా ఇద్దరం బయటికి.

ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు చెప్పు.

ఊపిరి లెక్క నీది. సరే. రాక్షసుడు నీవాడు, ఉంచుకో. ఆ ఊరు ఎవరిది? జమ్మిరేవు నువ్వు కళ్లతో చూశావా? మనం కాలనీకి వచ్చేసరికే అది నీళ్లల్లో ఉంది. రోజూ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని వచ్చేది ఆ ఊరి గంగమ్మ. నువ్వు గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని, "ఆ పక్కిల్లు ఎవరిది గంగమ్మా? ఆ తర్వాత?" అని అడిగేదానివి. ఆమె చెప్పేది, నువ్వు రాసుకునేదానివి. ఎండాకాలమంతా. ఏ ఇంట్లో రోలు ఎక్కడుందో, ఏ ముసలాయన ఏ అరుగు మీద కూర్చునేవాడో, ఏ తలుపు కిర్రుమనేదో, అన్నీ ఆమె నోటిమాటలే. నిన్న రాత్రి మొదటి పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. అశ్విని, ఆరో తరగతి, బి సెక్షను అని నాలుగుచోట్ల ఉంది. గంగమ్మ పేరు ఒక్కచోట లేదు.

నేను నిన్ను జానపదం చేశాను. ఒప్పుకుంటాను. మరి నువ్వు ఆమెను ఏం చేశావు?

జవాబు రాయకపోయినా పర్వాలేదు.

దినేష్


నంద్యాల,
2-3-1999

అన్నకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యిలో పెడదామనుకున్నాను. అమ్మ లాక్కుంది. నెల రోజులు నిన్ను తిట్టుకుంటూ తిరిగాను. తిట్టడానికి కొత్త మాటలు అయిపోయాక, ఆదివారం ఆత్మకూరు బస్సెక్కాను.

గంగమ్మ ఉంది. ఆత్మకూరు అవతల, మునిగిన ఊళ్లవాళ్లకు వేసిన కాలనీలో కూతురింట్లో ఉంది. చూపు తగ్గింది కానీ గొంతు అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టి, "మజ్జిగ పాపవా? ఇన్నేండ్లకు దోవ కనపడిందా?" అంది. కూర్చుని రెండో పుస్తకం చదివి వినిపించాను, నీ దగ్గరున్న మొదటిది గుర్తున్నంత చెప్పాను. ఆట అంటే ఏమిటో చెప్పాను. నీ గొప్ప రిపోర్టు సంగతి కూడా చెప్పాను.

మొదట నవ్వింది. వీధి చదువుతుంటే ఇంకా చదవమంది. దక్షిణపు వీధిలో రెండిళ్లు తారుమారు చేశానట, దిద్దించింది. తర్వాత రాక్షసుడు వచ్చాడు. అప్పుడు అన్నా, ఆమెకు వచ్చిన కోపం నేను జన్మలో చూడలేదు. నా చేతిలోంచి పుస్తకం లాగేసుకుంది.

"రాచ్చసుడెవడమ్మా? తూము తలుపులు దించి ఊరు ముంచింది మనిసే కదా. సంతకం పెట్టి మరీ దించినాడు. వాడి మీద కోపం నేను ఇన్నేండ్లూ మోస్తావుంటే నువ్వు వాడికి కొమ్ములు పెట్టి బొమ్మను జేసినావా? నేను నీకు కతలు జెప్పినాననుకుంటివా? మా ఊరు జెప్పినాను. ఎవురో ఒకరు ఇంటావుండారు కదా, మరిసిపోకుండా ఉంటాదని జెప్పినాను. మీ నాయన కొలువు జేసేది ఆ కట్ట మిందనే అని తెలిసీ జెప్పినాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆటలో నీ పేరు రాయిస్తాను గంగమ్మా, అందరికంటే పైన రాయిస్తాను అన్నాను. అది విని ఇంకా మండిపడింది. "పేరు యాడ ఉంటే ఏముంది? రేషన్ కార్డులో ఉండాది నా పేరు, బియ్యం ఇయ్యరు" అంది. నేను బస్సుకు లేస్తుంటే అడిగింది. "ఆ మిషన్లో నీల్లు దించేకి అయితాదా?"

నాకు తెలియదు, అన్నను అడుగుతానన్నాను.

అడుగుతున్నాను. రెండో పుస్తకం పంపుతున్నాను, ఆమె దిద్దించినవన్నీ ఎర్ర సిరాతో ఉన్నాయి. నా పేరు ఇప్పటికీ నాకు కావాలి. అబద్ధమాడను. నియమాలు నావి, ఆట నాది, వాటి కింద అశ్విని అని ఉండాల్సిందే. కానీ ఊరు నాది కాదు. ఆ మాట నువ్వు ఎత్తి చూపించావని నీ మీద కోపం ఇంకా పెరిగింది. నిజం చెప్పడానికి నీకు ఇంతకంటే మంచి సమయం ఈ పదిహేనేళ్లలో దొరకలేదా?

అశ్విని


మాదాపూర్,
17-3-1999

అశ్వినికి,

కొనేవాళ్లు సోమవారం వచ్చి వెళ్లారు. ముందే చెప్తున్నాను, ఆట పోయింది. కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందినరోజు నాకు ఒళ్లు మండింది. పది రోజుల్లో దక్షిణపు వీధి అంతా నింపాలి, రాక్షసుడి చక్రం తిరగడం లేదు, అప్పుడు నీళ్లు దించమంటావా! నీళ్లు లేకపోతే ఊపిరి లెక్క ఎందుకు? ఊపిరి లెక్క లేకపోతే ఆట ఎక్కడిది? నిన్నూ గంగమ్మనూ కలిపి తిట్టుకున్నాను. కానీ నీళ్ల మట్టం అనేది నా ప్రోగ్రాములో ఒకే ఒక అంకె. ఎట్లా ఉంటుందో చూద్దామని ఒక సాయంత్రం దాన్ని సున్నా చేశాను.

అశ్వినీ, ఆ ఊళ్లో ఎండ పడింది. నేను అప్పుడు కొత్తగా పెట్టింది కాదు. పైన ఎప్పుడూ ఉన్నదే, నీళ్లు అడ్డం ఉండి కనపడలేదు. ఆ తర్వాత మళ్లీ ఆ అంకె పెంచడానికి నాకు చెయ్యి రాలేదు.

సోమవారం అదే చూపించాను. యజ్ఞనారాయణ గారు నా పక్కనే నిలబడి, నవ్వుతూనే పళ్లు కొరికారు. "నీళ్లేవండీ? చంపడానికి ఒక్కడూ లేడేంటండీ ఇందులో?" అని చెవిలో అన్నారు. రాక్షసుణ్ని కూడా తీసేశాను మరి. తూము దగ్గర కుర్చీ వేసి, చొక్కా తొడుక్కున్న ఒక మామూలు మనిషిని కూర్చోబెట్టాను. ముందు ఒక కాగితం, చేతిలో పెన్ను. వచ్చినాయన ఇంటింటి తలుపూ తడుతూ అరగంట తిరిగాడు. చివర తూము దగ్గరికి పోయి, ఇతనెవరు, దీనంతటికీ మూలం ఏమిటి అని అడిగాడు. యజ్ఞనారాయణ గారు జానపదం అనబోయారు. నేను ఆయన మాటకు అడ్డం పడ్డాను. "ఊరు గంగమ్మ అనే ఆమెది. ఆమె బతికే ఉంది. ఆట మా చెల్లెలు అశ్వినిది. ఆమె కూడా బతికే ఉంది, కోపంగా ఉంది. నేను టైపు చేశాను" అన్నాను. నా ఇంగ్లీషు నువ్వు దిద్దకపోయినా వాళ్లకు అర్థమైంది.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అంతా అయ్యాక కోటలూ కొండచిలువలూ ఉన్న వేరే కంపెనీ నమూనా బేరం చేసుకుని పోయాడు. అందులో పెద్ద దేశముంది, వెయ్యి ఊళ్లున్నాయి, అన్నీ ఒకటే. నీ జబ్బు అని నన్నన్నావు కదా, లోకానికే ఉంది ఆ జబ్బు. నన్ను తేదీల సెక్షనులో కూర్చోబెట్టారు. నువ్వు ఆ రిజిస్టర్ పోస్టు వేయకపోతే ఆయనతో నెమ్మదిగా మాట్లాడి ఏదో ఒకటి చేసి ఉండేవాణ్ని. ఆ కోపం నాకు పోలేదు, పోయిందని రాయను. నిన్ను హాస్టలు వంకతో ఆపింది మాత్రం నిజం. నువ్విక్కడికి వస్తే ఈ పని నాకంటే బాగా చేస్తావని భయపడ్డాను.

29వ తేదీ సోమవారం పొద్దున నా పాత మిషన్లో ఉన్నదంతా తుడిచేస్తారు. జమ్మిరేవు అందులోనే ఉంది. ఫ్లాపీలో పట్టదు, పట్టినా గేటు దాటనివ్వరు. 28 ఆదివారం ఆఫీసులో వాచ్‌మన్ తిమ్మప్ప ఒక్కడే ఉంటాడు, అనంతపురం వాడు, మన సీమ మనిషే, మాట్లాడి పెట్టాను. గంగమ్మను తీసుకుని శనివారం బస్సెక్కు. ఇక్కడ కొమురమ్మ ఇంట్లో పడుకోవచ్చు, అడిగాను. "పెద్దమనిషి వస్తదంటే నేనెందుకు వద్దంట?" అంది. చూపు తగ్గిందన్నావు. మిషన్ అద్దానికి ముక్కు ఆనించి చూడమను, పెద్దగా చేసి చూపిస్తాను.

ఆమె రానంటే, నీళ్లు దించేశానని చెప్పు. ఆమె ఇల్లు నీ ఎర్ర సిరా ప్రకారమే కట్టాను, కానీ వాకిలి ఏ వైపో నువ్వు అడగలేదు, నేను తూర్పుకు పెట్టాను. తప్పయితే నా పక్కన కూర్చుని ఎంత తిట్టాలో అంతా తిట్టమను. సాయంత్రం ఆరింటి దాకా టైముంది, తిప్పి పెడతాను.

దినేష్